గోడ దాటిన జెట్ విమానం

పుంతలపాలెంలో అందరికంటే తెలివైన ఇల్లేదని ఊళ్ళోవాళ్ళని అడిగితే తలా ఒక మాట చెబుతారు. బూరుగుపల్లి వారిని అడిగితే మాత్రం తడుముకోకుండా తమదేనంటారు. అందులో గొప్పలు పోవడం కూడా ఏమీ ఉండదు. ఇవాళ కూర వంకాయ అన్నంత మామూలుగా చెబుతారు. లోకంలో పనులు చెడిపోయేది జనం చెప్పింది చెప్పినట్టు చెయ్యకుండా మధ్యలో సొంత బుర్ర దూర్చడం వల్లేనని వాళ్ళ సిద్ధాంతం. ఆ ఇంట్లో ఎవరూ బుర్ర దూర్చరు. చెప్పింది చేస్తారు, రాసింది చేస్తారు.

కావాలంటే వాళ్ళ వీధి గేటు చూడండి. ఎప్పుడో ఒక దీపావళికి దానికి ఆకుపచ్చ రంగు వేయించారు. పెయింటరు ఒక అట్టముక్క మీద 'తడి రంగు, గేటు ముట్టుకోవద్దు' అని రాసి వేలాడదీసి పోయాడు. ఎప్పటిదాకా ముట్టుకోకూడదో రాయలేదు. అంతే, ఆనాటి నుంచి ఆ ఇంటిల్లిపాదీ గోడ దూకే వెళుతున్నారు, గోడ దూకే వస్తున్నారు. అక్షరాలు వెలిసిపోయినప్పుడల్లా ఇంటి పెద్దకొడుకు బొగ్గుతో మళ్ళీ దిద్దుతాడు. చూశారా, మా గేటు రంగు ఇప్పటికీ చెక్కు చెదరలేదని వచ్చినవాళ్ళకి చూపిస్తాడు.

ఆ పెద్దకొడుకు అసలు పేరు ముక్తేశ్వర్రావు. తాతగారి పేరు. చిక్కంతా అక్కడే వచ్చింది. మావగారి పేరు కోడలు నోటితో పలకకూడదు గనక తల్లి అచ్చియ్యమ్మ పురిట్లోనే 'పెద్దబాబు' అంది. తమ్ముడు చినబాబు 'అన్నయ్యా' అన్నాడు. పెళ్ళయ్యాక మాణిక్యం 'ఏవండీ' అంది. ఊళ్ళోవాళ్ళకి పెద్దబాబుగారయ్యాడు. బళ్ళో హాజరు పిలిచినప్పుడు కొన్నాళ్ళు వినిపించిన ఆ పేరు, బడి మానేశాక ఎక్కడా వినిపించలేదు. పేరు పెట్టి పిలవడానికి ఏ అడ్డూ లేనివాడు మేనమామ పట్టాభి ఒక్కడే. ఆయనేమో పుట్టిన దగ్గర్నుంచీ 'ఒరే వెర్రిబాగులోడా' అనే పిలిచేవాడు.

పెద్దబాబు పైకి నవ్వేసేవాడు గాని ఆ పిలుపు లోపల గుచ్చుకునేది. మీసం నెరిసిన మనిషి. పెళ్ళాం ముందు, తమ్ముడి ముందు, ఆఖరికి పాలవాడి ముందు కూడా వెర్రిబాగులోడా అంటే కష్టంగా ఉండదూ? మావయ్య ఒక్కసారి నలుగురిలో పేరు పెట్టి పిలిస్తే చాలు, జన్మకి ఇంకేమీ అక్కర్లేదనుకునేవాడు పాపం.

ఆ మావయ్య ఒకనాడు గేటు తోసుకుని వచ్చాడు. ఇంటిల్లిపాదీ ముందు ఆయన చేతులకేసి చూశారు, రంగు అంటిందేమోనని. చేతుల్లో ఒక అట్టపెట్టె ఉంది.

పట్టాభి వయసులో ఉన్నప్పుడు బెంగుళూరు వైపు ఒక విమానాల ఫ్యాక్టరీలో ఫిట్టరు. వాళ్ళక్కడ మొట్టమొదటిసారి ఒక జెట్ యుద్ధవిమానం చేశారు. వరసపెట్టి చెయ్యడానికి ముందు, అసలు ఎగురుతుందో లేదో చూడ్డానికి చేసిన తొలి నమూనా అది.

"ఇది ఆ విమానమేరా, బొమ్మ కిట్టు" అన్నాడు పెట్టె అరుగు మీద పెట్టి. "ముక్కలు విడివిడిగా ఉంటాయి. జిగురుతో అంటించి కట్టుకోవాలి. నేనే కడదామనుకున్నా గాని, ఇదిగో చూడు నా చెయ్యి." ఆ చెయ్యి గిన్నెలో జున్నులా వణుకుతోంది.

"మీరు చేసిందేగా, మళ్ళీ బొమ్మెందుకు మావయ్యా?" అన్నాడు చినబాబు.

పట్టాభి పెట్టె మూతని చేత్తో నిమిరాడు. "చేశాన్రా. ఏళ్ళ తరబడి దాని రెక్కలకి రివెట్లు కొట్టాను. తీరా అది ఎగిరే రోజున నన్ను స్టోరు గదికి కాపలా పెట్టారు. మిగతావాళ్ళంతా దాని వెనకాల కేకలేసుకుంటూ పరిగెత్తారు. నిప్పు కక్కుకుంటూ పైకి లేచిందని అందరూ చెప్పారు. నేను చప్పుడు విన్నాను, అంతే. చూళ్ళేదు."

"అయ్యో తమ్ముడా, ఓ అడుగు బయటికొచ్చి చూడకపోయావా?" అంది అచ్చియ్యమ్మ.

"కదలొద్దన్నారు కదక్కా."

ఇంటిల్లిపాదీ మెచ్చుకోలుగా తలలూపారు. మావయ్యలో కూడా తమ రక్తం కొంత ఉందని వాళ్ళకి ఆనాడే తెలిసింది.

"పట్నంలో చదువుకున్న కుర్రాళ్ళకి ఇద్దామంటే వాళ్ళు మధ్యలో సొంత తెలివి కలుపుతారు. నీతో ఆ భయం లేదు" అన్నాడు పట్టాభి. పెద్దబాబు పొంగిపోయాడు. "లోపల కాగితం ఉంది. అందులో ఏం రాసుందో అది చెయ్యి. అంతా అయ్యాక పెట్టె మీద బొమ్మ చూశావా, అచ్చం ఇలా ఉండాలి. పున్నమినాడు వస్తా. సరిగ్గా చేశావంటే నలుగురి ముందూ నిన్ను పేరు పెట్టి పిలుస్తా. లేకపోతే జన్మంతా వెర్రిబాగులోడివే."

ఇంకేముంది, పెద్దబాబుకి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు మంచి ఘడియ చూసి పెట్టె విప్పారు. చట్రాలకి అంటుకుని బూడిద రంగు ప్లాస్టిక్ ముక్కలు, జిగురు ట్యూబు, మడతలు పెట్టిన పెద్ద కాగితం ఉన్నాయి. చినబాబు పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటే పాసైనవాడు. అందుకని చదివే పని వాడికి అప్పగించారు.

"మొదలుపెట్టే ముందు ఈ కాగితాన్ని పూర్తిగా చదవండి అని ఉందన్నయ్యా."

"చదువు మరి."

చదివాడు. ఇంగ్లీషు అయిపోయింది. కింద ఇంకేవో భాషలున్నాయి.

"ఇవేంటన్నయ్యా, జంతికల్లా ఉన్నాయి?"

"పూర్తిగా అని రాశారు కదరా. రాకపోతే నిదానంగా చదువు."

చినబాబు నిదానంగా చదివాడు. అంటే ఒక్కో జంతికనీ మర్యాదగా చూసి పక్కదానికి వెళ్ళాడు. సగానికే కళ్ళు నీళ్ళు కారాయి.

"ఇలా తెండి మరిదిగారూ, మిగతావి నేను చదువుతాను" అంది మాణిక్యం. "నాకు తెలుగే రాదు కదా, అన్ని భాషలూ ఒకటే." చకచకా పూర్తి చేసేసింది. ఇంట్లో చదువుకున్న ఆడది ఉంటే ఎంత సాయమో అనుకున్నాడు పెద్దబాబు.

తర్వాత మాట, ముక్కల్ని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలని. ఈ పని అచ్చియ్యమ్మ తీసుకుంది. పదిమంది పసిపిల్లలకి నీళ్ళు పోసిన చెయ్యి. కాళ్ళు చాపుకుని కూర్చుని, కాళ్ళ మీద రెక్కలు పడుకోబెట్టి, సబ్బు రుద్ది నీళ్ళు పోసింది. సాంబ్రాణి పొగ వేసింది. దిష్టిచుక్క పెట్టింది. ఆ పైన మిట్టమధ్యాహ్నం వాకిట్లో రేకు పరిచి, రేకు మీద వరసగా ఆరబెట్టి, కాకులు ఎత్తుకుపోకుండా కర్ర పుచ్చుకుని కూర్చుంది. సాయంత్రానికి రెక్కలు రెండూ నూనెలో వేసిన అప్పడాల్లా పైకి చుట్టుకుపోయాయి.

"వంగాయే!" అంది మాణిక్యం.

"ఆరాయా లేదా?" అన్నాడు పెద్దబాబు.

"ఆరాయి."

"ఆరాలనే రాశారు. వంగకూడదని రాశారా?"

రాయలేదు. అందరూ నిశ్చింతగా నిద్రపోయారు.

మర్నాడు జిగురు దగ్గరికొచ్చారు. జిగురుని గాలి ధారాళంగా ఆడే గదిలో వాడాలని ఉంది. వాళ్ళ హాల్లో ఉన్నది ఒకే కిటికీ. పెద్దబాబు వేలు తడిచేసి గాలిలో పెట్టి చూశాడు. చాలదన్నాడు. అంతే, అన్నదమ్ములు కిటికీ రెక్కలు ఊడదీశారు. తలుపులు ఊడదీశారు. అయినా ధారాళంగా లేదనిపించింది. నిచ్చెన వేసుకుని పైకెక్కి ఇంటి పెంకులు ఒక్కొక్కటీ దించడం మొదలుపెట్టారు.

కింద నిలబడి పెంకులు అందుకుంటున్న మాణిక్యానికి ఎందుకో అనుమానం వచ్చింది. "ఏవండీ, వీధరుగు మీద కూర్చుని అంటిస్తే బోలెడు గాలి కదా?"

పెద్దబాబు ఆవిడకేసి జాలిగా చూశాడు. "గదిలో అని రాశారు మాణిక్యం. అరుగు గదా?"

ఆవిడ నాలిక కరుచుకుంది. చీకటి పడేలోగా పైన వాసాలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. గాలి నిజంగానే బాగా వచ్చింది.

ఆ తర్వాతిది అసలు పని. విమానం ఒళ్ళు రెండు బద్దలుగా ఉంది. రెండిటినీ కలిపి రెక్కలు దూర్చి జిగురు పెట్టాలి. ఎంత పెట్టాలో రాయలేదు గనక ట్యూబంతా పిండేశారు. జిగురు గట్టిపడేవరకూ ముక్కల్ని కదలకుండా పట్టుకోవాలని ఉంది. చినబాబు రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకున్నాడు.

"నేను వదలమనేదాకా వదలకు" అని చెప్పి పెద్దబాబు వెండిరంగు కొనడానికి మండపేట వెళ్ళాడు.

అక్కడ వాన పట్టుకుంది. బస్సు తప్పిపోయి, తెలిసినవాళ్ళింట్లో ఉండిపోయాడు. ఇక్కడా అదే వాన. హాల్లోనే పడుతోంది, పైన పెంకులు లేవుగా. మాణిక్యం గొడుగు పట్టుకుని మరిది పక్కన నిలబడింది. విమానం తడవకూడదని మొగుడు చెప్పి వెళ్ళాడు గనక గొడుగు విమానం మీద పట్టింది. చినబాబు గొడుగు బయట కూర్చుని తడిశాడు. అచ్చియ్యమ్మ ముద్దలు కలిపి నోట్లో పెట్టింది.

"వదినా, ముక్కు దురదగా ఉంది."

"మీ అన్నయ్య రానివ్వండి మరిదిగారూ. ఆయన చెప్పకుండా నేనెలా గోకను?"

మర్నాడు పొద్దున్నే పెద్దబాబు గోడ దూకి వచ్చాడు. విమానాన్ని అటూ ఇటూ చూసి తృప్తిగా, "భేష్! ఇక వదిలెయ్" అన్నాడు.

"వదిలేశానన్నయ్యా."

"మరి చేతిలోనే ఉందేం?"

"నేను వదిలాను. అదే నన్ను వదల్లేదు."

చూస్తే నిజమే. వేళ్ళన్నీ విమానం పొట్టకి అతుక్కుపోయి ఉన్నాయి. పెద్దబాబు లాగబోయి ఆగాడు. కాగితం అడుగున అంటించిన భాగాలను బలవంతంగా లాగరాదని పెద్ద అక్షరాలతో ఉంది. రాసినవాళ్ళకి తెలియకపోతే రాస్తారా? అందుకని చినబాబుని అలాగే ఉంచారు. వాడూ మావయ్య విమానం కదా అని సరిపెట్టుకున్నాడు.

రంగు వేసేటప్పుడు చిన్న సందేహం వచ్చింది. బయటికి కనబడే భాగాలన్నిటికీ వెండిరంగు వెయ్యాలి. చినబాబు వేళ్ళు బయటికి కనబడుతున్నాయి. విమానానికి అతుక్కునే ఉన్నాయి. అంటే భాగాలే. పెద్దబాబు కుంచె తిప్పుకుంటూ మోచేతుల దాకా వేశాడు. అక్కడ చొక్కా అడ్డొచ్చింది గనక ఆగాడు.

పున్నమి రానే వచ్చింది. పొద్దున్నే పెద్దబాబు స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఆఖరిసారి సరిచూసుకుందామని పెట్టె మూత తెచ్చి విమానం పక్కన పెట్టాడు. అప్పుడు చూశాడు. మూత మీద బొమ్మలో విమానం ఆకాశంలో ఉంది. చుట్టూ తెల్లటి మబ్బులున్నాయి. తోక వెనకాల ఎర్రటి మంట ఉంది. అచ్చం ఇలా ఉండాలి అని కదా మావయ్య చెప్పింది!

"అయిపోయానురా చినబాబూ" అన్నాడు గోడకి జారగిలబడి. మావయ్య బస్సు దిగే వేళయింది. కాసేపట్లో వచ్చేస్తాడు. నలుగురి ముందూ మళ్ళీ అదే పిలుపు. పెద్దబాబు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తలెత్తిన చినబాబు మొహం వెలిగింది. "అన్నయ్యా, ఆకాశం ఉంది!"

నిజమే. ఇంటికి కప్పు లేదుగా, హాల్లోంచి నిండా ఆకాశం కనబడుతోంది. పెద్దబాబు లేచి నిలబడి కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. పెంకులు తీయించిన కాగితం ఎంత ముందుచూపుతో రాశారో అప్పుడు అర్థమైంది.

ఇంకేముంది, మిగతావి చిటికెలో పని. మాణిక్యం పచ్చి కొబ్బరిపీచు తెచ్చి నాలుగు మూలలా రాజేసింది. మబ్బులు కమ్ముకొచ్చాయి. అందరూ దగ్గుతూనే బాగుంది బాగుందన్నారు. చినబాబు బొమ్మలో ఉన్నట్టే విమానాన్ని ఏటవాలుగా తలపైకి ఎత్తి పట్టుకున్నాడు. మంట పని అచ్చియ్యమ్మది. హారతి కర్పూరం బిళ్ళలు తోక కన్నంలో కూరి, దణ్ణం పెట్టుకుని, అగ్గిపుల్ల గీసింది.

మొదట చిన్న మంటే. అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంది.

"అన్నయ్యా, వెచ్చగా ఉంది."

"కదలకు. బొమ్మలో విమానం నడిపే ఆయన్ని చూడు, అద్దాల్లో ఎలా కూర్చున్నాడో. ఆయనకి లేదా వేడి?"

అంతలో మంట జిగురందుకుంది. భగ్గుమంది. చినబాబు ఒక్క కేక పెట్టి, విమానాన్ని అలాగే తలపైకి ఎత్తి పట్టుకుని, తలుపుల్లేని గుమ్మంలోంచి వాకిట్లోకి పరుగెత్తాడు. గేటు దాకా వెళ్ళాడు. అక్కడ అట్ట కనబడింది. తడి రంగు, గేటు ముట్టుకోవద్దు. చదువుకున్నవాడు, చదవకుండా ఎలా పోతాడు? ఆగి చదివాడు. వెనక్కి తిరిగి, ఇంటి దాకా వచ్చి, అక్కణ్ణుంచి శక్తికొద్దీ పరుగెత్తుకొచ్చి గోడ దూకాడు.

సరిగ్గా అప్పుడే వీధిలో పట్టాభి ఆటో దిగాడు. ఆయన నిలబడ్డచోటికి చినబాబు కనబడలేదు, గోడ అడ్డం. ముందు గోడ వెనక తెల్లటి మబ్బులు లేచాయి. మబ్బుల్లోంచి వెండి ముక్కు వచ్చింది. పైకి తిరిగిన రెక్కలు వచ్చాయి. తోకనిండా మంటతో విమానం గోడమీదుగా పైకి లేచి, ఎండలో తళుక్కుమని, ఆయన తల పక్కనుంచి దూసుకుపోయింది. దాని వెనకాలే అచ్చియ్యమ్మ, మాణిక్యం, పెద్దబాబు కేకలేసుకుంటూ గోడ దూకారు. వీధిలోవాళ్ళు కూడా ఏమిటో ఏమోనని వెంటపడి పరుగెత్తారు.

చినబాబు ఎదురింటివాళ్ళ గేదెల కుడితి గోలెంలోకి దూకాడు. చుయ్‌మంది. అంతా అయిపోయింది.

పెద్దబాబు రొప్పుతూ గోలెం దగ్గర ఆగాడు. తోక కరిగి కారిపోయింది. రెక్కల మీద మసి. తమ్ముడి నెత్తిన తవుడు. మావయ్య వీధి మధ్యలో నిలబడి చూస్తున్నాడు. ఆ మొహంలోకి చూసే ధైర్యం లేక పెద్దబాబు తలొంచుకున్నాడు. ఇక తన బతుకింతేనని తెలిసిపోయింది.

పట్టాభి గోడకేసి చూపించాడు. "లేచిందిరా" అన్నాడు. "వాళ్ళు చెప్పినట్టే ఉంది. నిప్పు కక్కుకుంటూ లేచింది. జనం వెనకాల పరుగెత్తారు. ఇన్నాళ్ళకి చూశాను."

వణికే చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. మాటంటే మాటే ఆయనకి. వీధి వీధంతా వినబడేలా గొంతెత్తి పిలిచాడు.

"ముక్తేశ్వర్రావూ! ఇలా రా నాయనా!"

ఎవరూ కదల్లేదు.

అచ్చియ్యమ్మ గభాల్న కొంగు తలమీదకి లాక్కుని, మావగారికి దారిచ్చినట్టు పక్కకి ఒదిగి నిలబడింది. పెద్దబాబు వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల గేదె ఉంది. మాణిక్యానికి తెలుసు ఆ పేరెవరిదో. కానీ మొగుడి పేరు నోటితో చెప్పకూడదు కదా. వేలు పెట్టి ఆయన్నే చూపించింది. తన వెనక ఎవరినో చూపిస్తోందనుకుని పెద్దబాబు అడ్డం తొలిగాడు. వేలు కూడా అటే తిరిగింది. ఇటు తొలిగాడు. వేలు ఇటు వచ్చింది.

"ఎవరన్నయ్యా ఆయన?" అన్నాడు చినబాబు గోలెంలోంచి.

"ఎవరో గాని ఎంత పొగరురా! మావయ్య అంత ప్రేమగా పిలుస్తుంటే పలకడేం?" అన్నాడు పెద్దబాబు. మావయ్య కోసం ఊరుకోలేక తనే వెతకడానికి బయల్దేరాడు. ఇల్లిల్లూ తిరిగి, ముక్తేశ్వర్రావుగారున్నారాండీ అని అడిగాడు. మాకు తెలీదు పెద్దబాబుగారూ అన్నారు అందరూ. చివరికి చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చాడు.

"ఆయన ఊళ్ళో లేరనుకుంటా మావయ్యా. ఏవైనా చెప్పాలంటే నాకు చెప్పండి, కనబడితే చెబుతా."

పట్టాభి మేనల్లుణ్ణి దగ్గరికి తీసుకున్నాడు. భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏం లేదురా వెర్రిబాగులోడా. చాలా బాగా చేశాడని చెప్పు."

"అలాగే మావయ్యా" అన్నాడు పెద్దబాబు వెంటనే.

అందుకే ఇప్పటికీ పుంతలపాలెంలో కొత్తమనిషి బస్సు దిగితే చాలు, పెద్దబాబు గోడ దూకి ఎదురువెళ్ళి, మీ పేరు ముక్తేశ్వర్రావుగారాండీ అని అడుగుతాడు. కాదంటే చిన్నబుచ్చుకుని వెనక్కి వస్తాడు. ఆ అదృష్టవంతుడెవరో గాని, దొరికేదాకా వెతకాల్సిందే. మావయ్య చెప్పమన్నాడు మరి.